మీకు తెలుసా? పొద్దున పులుపు, మధ్యాహ్నానికి చప్పన

రణపాల ఆకు తెల్లవారుజామున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా ఉంటుందని 1815లో అచ్చయిన లేఖలో రాసినవాడు బెంజమిన్ హేన్. ఒకప్పుడు మన సామర్లకోట తోటను చూసుకున్న వృక్షశాస్త్రవేత్త. కారణం: రణపాల, కలబంద వంటివి పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి, పీల్చిన కార్బన్ డయాక్సైడ్‌ను ఆమ్లంగా దాచుకుని, పగలు వాడుకుంటాయి. నీరు ఆవిరి కాకుండా ఇదో పొదుపు.

ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్రమైన బిలాస్‌పూర్‌లో, క్వార్టర్ వరండాలో వీటిని పెంచుతున్నారా?

• కుండీ అడుగున చిల్లు ఉండాలి. మట్టిలో సగం ముతక ఇసుక కలపండి.
• వేలు గుచ్చి చూడండి. రెండు అంగుళాల లోతున పొడిగా ఉంటేనే నీళ్లు.
• మే నెల మిట్టమధ్యాహ్నపు ఎండ తగలనివ్వొద్దు.
• వానాకాలంలో చూరు కిందికి జరపండి. నీరు నిలిస్తే వేళ్లు కుళ్లిపోతాయి.