పొగగొట్టం లేని ఇల్లు

ఊపిరితిత్తుల క్యాన్సర్ అనగానే మనకు బీడీ, సిగరెట్టు గుర్తుకు వస్తాయి. కాని చైనాలోని యునాన్ రాష్ట్రంలో షువాన్‌వే ప్రాంతపు స్త్రీలలో పొగ తాగేవారు దాదాపు లేరు. అయినా 1973-75 నాటి మరణాల సర్వేలో, ఆ దేశంలో ఈ వ్యాధికి స్త్రీలు అత్యధికంగా బలవుతున్న ప్రాంతాలలో అదొకటని తేలింది. పురుషుల మరణాల రేటూ ఇంచుమించు అంతే!

చిత్రమేమిటంటే, అక్కడే కట్టెలు, పొగరాని బొగ్గు వాడే గ్రామాలలో ఈ మరణాలు చాలా తక్కువ. (కట్టెపొగ మేలైనదని దీని అర్థం కాదు.) మరణాలు ఎక్కువైన చోట ఇంట్లోనే గుంటపొయ్యిలో పొగబొగ్గు మండించేవారు. పొగ బయటికి పోయే దారి ఉండేది కాదు. పొయ్యి దగ్గర కూర్చునే ఇల్లాలే దాన్ని అధికంగా పీల్చేది.

1970ల నుంచి పొగగొట్టాలున్న పొయ్యిలు వచ్చాయి. బొగ్గు మాత్రం అదే. అవి అమర్చుకున్న ఇళ్లలో, సుమారు పదేళ్ల తర్వాత, స్త్రీపురుషులిద్దరిలోనూ ఈ వ్యాధి ముప్పు 40 శాతానికి పైగా తగ్గిందని 2002లో ప్రచురితమైన ఒక అధ్యయనం వెల్లడించింది.