పాట ఎవరి సొత్తు?

జపాను సాహిత్య చరిత్రలు ‘హెయికె గాథ’ను మహాకావ్యమంటాయి. అయితే జనం దాన్ని చదివినదానికంటే విన్నదే ఎక్కువ. 1180–85 మధ్య తైరా, మినమోతో వంశాలు చేసిన యుద్ధం దాని వస్తువు. దాన్ని ఊరూరా పాడినవాళ్లు బీవాహోషీలు, అంటే సన్యాసి వేషంలోని అంధ గాయకులు. వారి బీవాకు నాలుగు తీగెలు. అది పాట వెంట నడిచే వాద్యం కాదు. గాయకుడు పాదం పాడి ఆగుతాడు, ఆ ఖాళీలో తీగె పలుకుతుంది. యుద్ధఘట్టానికొక బాణీ, శోకానికి మరొకటి.

1371లో కకుఇచి అనే గాయకుడు మొత్తం కథను శిష్యుడి చేత రాయించాడు, తన తర్వాత పాఠం మీద తగువులు రాకూడదని. దీన్ని ఉత్త సాహిత్యసేవగా చూడటం అమాయకత్వం. ఆ ప్రతి గాయకుల సంఘానికి అధికారపత్రమైంది. ఆ సంఘం పేరు ‘తోదో’. తోకుగవా పాలకుల అండలో ఆ సంఘంలో హోదాలు డబ్బుకు అమ్ముడుపోయాయి. 1871లో మెయిజీ ప్రభుత్వం సంఘాన్నే రద్దు చేసింది. పెత్తనం పోయిన మాట నిజమే, దానితోపాటు పేద అంధుల కూడూ పోయింది.

క్యూషూ దీవిలో యమషికా యోషియుకి (1901–1996) ఇళ్లలో పొయ్యి దేవతకు శాంతి చేసి, తర్వాత బీవా మీద కథలు పాడేవాడు. ఆయన పాఠం కాగితం మీద లేదు. ఒకే కథ ఒక్కోసారి ఒక్కో తీరుగా పలికేది.