పదిహేను దేశాలు, ఒకే ఆస్తి లెక్క

2013 ఏప్రిల్‌లో యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ ఒక సర్వే ఫలితాలను వెలువరించింది. యూరో వాడే 15 దేశాల్లో 62,000కు పైగా కుటుంబాలను ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చుల గురించి అడిగి కూర్చిన లెక్క అది. ఒక దేశంలోని కుటుంబాలన్నిటినీ నికర ఆస్తి ప్రకారం వరసగా నిలబెడితే సరిగ్గా నడుమ ఉండే కుటుంబానికి ఎంత ఉంది? జర్మనీలో 51,400 యూరోలు, స్పెయిన్‌లో 1,82,700, సైప్రస్‌లో 2,66,900. అంతకు కొద్ది వారాల ముందే బ్యాంకులు కూలిపోయిన సైప్రస్‌ను ఆదుకునే ఒప్పందం కుదిరింది. ఆ భారంలో పెద్ద వాటా జర్మనీదే. లేనివాడు ఉన్నవాడిని ఆదుకుంటున్నాడా అని జర్మనీలో గగ్గోలు పుట్టింది.

ఆ అంకెలు ఎలా పుట్టాయో చూస్తే గగ్గోలు చాలావరకు చల్లారుతుంది. జర్మన్ కుటుంబంలో సగటున ఇద్దరుంటే సైప్రస్‌లో దాదాపు ముగ్గురు. స్పెయిన్‌లో నూటికి 80కి పైగా కుటుంబాలకు సొంత ఇల్లుంది. జర్మనీలో 44 కుటుంబాలకే. తక్కినవారు అద్దె ఇళ్లలో ఉంటూ, ముసలితనానికి ప్రభుత్వ పింఛను ఉందన్న ధీమాతో బతుకుతారు. ఆ పింఛను హక్కును ఈ సర్వే ఆస్తిగా లెక్కించలేదు. తేదీల తేడా సరేసరి. స్పెయిన్‌లో 2008-09లో అడిగారు, అప్పటికి ఇళ్ల ధరలు ఇంకా పూర్తిగా పడిపోలేదు. జర్మనీలో అడిగింది 2010-11లో.

ఇలాంటి సర్వేను రూపొందించేవారి అసలు పని ప్రశ్నలు రాయడం కాదని నేననుకుంటాను. పద్ధతులు వేరువేరైన ఇళ్ల నుంచి వచ్చే జవాబులకు ఒకే అర్థం ఉండేలా చూడటం వారి పని. మొదటి చిక్కు ‘కుటుంబం’ అన్న మాటతోనే మొదలవుతుంది. మన జాతీయ నమూనా సర్వే ఈ సంగతిని చాలాకాలంగా పొయ్యితో తేల్చేస్తోంది: సాధారణంగా కలిసి ఉంటూ ఒకే వంట తినేవారు ఒక కుటుంబం. ఒకే పెంకుటింట్లో అన్నదమ్ములు వేరు కుంపట్లు పెట్టుకుంటే అవి రెండు కుటుంబాలు. ఐరోపాలో కలిసి ఉండటంతోపాటు ఖర్చులు పంచుకోవడం గీటురాయి. ఉద్యోగం వచ్చినా ఇల్లు వదలని పాతికేళ్ల కొడుకు దక్షిణ ఐరోపాలో తల్లిదండ్రుల లెక్కలోకి వస్తాడు. ఉత్తరాన అదే వయసువాడు వేరే గదిలో ఉంటూ, దాదాపు ఆస్తి లేని ప్రత్యేక కుటుంబంగా నమోదవుతాడు. అలాంటి గదులు పెరిగేకొద్దీ నడిమి అంకె కిందికి జారుతుంది.

రెండో చిక్కు, దేన్ని ఏ గడిలో వేయాలన్నది. మన చీటీనే తీసుకోండి. పాడుకోనంత కాలం నెలనెలా కట్టేది పొదుపు. పాట పాడి సొమ్ము ఎత్తుకున్న మర్నాటి నుంచి మిగిలిన వాయిదాలు అప్పు. ‘చీటీ ఉందా?’ అని మాత్రమే అడిగి వచ్చేసిన ఎన్యూమరేటర్‌కు సగం సంగతే తెలిసినట్టు. జర్మనీ, ఆస్ట్రియాల్లో బౌస్పారెన్ అనే ఇంటి పొదుపు ఒప్పందానికి కొంతవరకు ఇదే స్వభావం: కొన్నేళ్లు కడతారు, ఆ తర్వాత ఇంటికోసం తక్కువ వడ్డీకి అప్పు తీసుకుంటారు. ఏ దశలో ఉన్నారని అడగనిదే అది ఆస్తో అప్పో తేలదు. వడ్డీ సంగతీ అంతే. మన ఊళ్లలో ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నెలకు నూటికి రెండు. సర్వే కాగితంలో ఏడాదికి 24 శాతమని రాయాలి. శిక్షణ లేనివాడు 2 శాతమని రాసేస్తే ఆ ఊళ్లో బ్యాంకు కన్నా వడ్డీవ్యాపారే దయగలవాడని తేలుతుంది!

అందుకే యూరో సర్వే నిర్వాహకులు ఒకే ప్రశ్నావళిని పదిహేను చోట్లా మక్కీకి మక్కీ అనువదించమని పట్టుబట్టలేదు. ఒక మూల ప్రశ్నావళి తయారుచేసి, దానితోపాటు చివరికి ఏయే అంకెలు రావాలో, వాటి నిర్వచనాలేమిటో అందరి చేతా ఒప్పించారు. అక్కడికి చేరే దారి ఆయా దేశాలది. ఇటలీ కేంద్ర బ్యాంకు 1960ల నుంచే ఇలాంటి సర్వే చేస్తోంది, స్పెయిన్ 2002లో మొదలుపెట్టింది. తమ పాత వరుస తెగిపోవడానికి వారు ఒప్పుకోరు. ఫిన్లాండ్‌లో ఆదాయం వంటి వివరాలు ప్రభుత్వ రిజిస్టర్లలోనే దొరుకుతాయి, ఇంటివాళ్లను అడిగే పనే లేదు.

ఖర్చు దగ్గర మాత్రం ఈ సర్వే పలచబడుతుంది. ఇంట్లో తిండికెంత, బయట తిండికెంత వంటి కొద్ది ప్రశ్నలతో సరిపెట్టారు. గంటసేపు ఆస్తుల గురించి చెప్పి అలసిన మనిషిని పప్పూఉప్పుల చిట్టా అడగలేరు. కానీ మొత్తంగా అడిగితే జనం మరచిపోయి తక్కువ చెబుతారు. ఎంతకాలం వెనక్కి గుర్తు చేసుకోమంటున్నామన్నది ఇక్కడ కీలకం, ఈ పాఠం మన దేశం కష్టపడి నేర్చుకుంది. 1999-2000 వినియోగ సర్వేలో తిండి ఖర్చును ఒకే కుటుంబాన్ని వారానికీ, నెలకూ పక్కపక్కనే అడిగారు. ఒక జవాబు రెండోదాన్ని తనవైపు లాగింది. 1993-94తో పోల్చడం కుదరక, పేదరికం ఎంత తగ్గిందన్న వాదన ఏళ్లపాటు నడిచింది. 2022-23 సర్వేలో కూరగాయలు, నూనె, మాంసం వంటివాటికి వారం, బట్టలకు, మన్నికైన సామాన్లకు ఏడాది పెట్టి, ప్రశ్నలను మూడు పుస్తకాలుగా విడగొట్టి, ఒకే ఇంటికి మూడు నెలల్లో మూడుసార్లు వెళ్లారు.

ధనికులను పట్టుకోవడం అన్నిటికన్నా కష్టం. ఆస్తి కొద్దిమంది చేతుల్లో ఉంటుంది కాబట్టి, లాటరీ తీసినట్టు ఇళ్లను ఎంచితే వారు నమూనాలోకి రారు. వచ్చినా తలుపు తీయరు. జర్మనీ సగటు 1,95,200 యూరోలు, నడిమి కుటుంబానికి ఉన్నదానికి దాదాపు నాలుగింతలు. అంటే లెక్కంతా పైనున్న కొద్ది ఇళ్ల మీదే ఊగుతోంది. అందుకే స్పెయిన్ సంపద పన్ను రికార్డుల సాయంతో ధనికులను కావాలని ఎక్కువమందిని ఎంచుకుంది. ఆ రికార్డులు లేని జర్మనీ పెద్ద నగరాల్లో సంపన్నుల వీధులను ఎంచుకుంది. లెక్క కట్టేటప్పుడు వారి బరువు తగ్గిస్తారు. ఇటలీ అలా ధనికులను ఎక్కువగా ఎంచుకోలేదు. కనుక ఇటలీ, స్పెయిన్ ధనికుల అంకెలను పక్కపక్కన పెట్టేవారు ముందు ఈ ముక్క చదవాలి.

ఇక సర్వే జరిగే గది లోపలికి వెళ్దాం. ఇంటి డబ్బు సంగతులు ఎక్కువ తెలిసిన మనిషినే కూర్చోబెట్టమంటారు. అది తేల్చడమూ సులువు కాదు. మన ఇళ్లలోనైతే బ్యాంకు పుస్తకం సంగతి ఆయనకు, పోపుల డబ్బాలో డబ్బు సంగతి ఆవిడకు తెలుస్తాయి. ల్యాప్‌టాప్ తెరిచి ఎన్యూమరేటర్ అడుగుతాడు: ‘‘ఈ ఇల్లు ఇప్పుడు అమ్మితే ఎంతొస్తుంది?’’ ‘‘ఏమో.’’ ‘‘ఉజ్జాయింపుగా, ఎంత నుంచి ఎంత లోపు?’’ పెద్దాయన ఇంటి కప్పు కేసి ఒకసారి చూసి ఒక హద్దు చెబుతాడు. అదీ చెప్పనివారికి, తక్కిన విషయాల్లో అలాంటివే అయిన ఇతర కుటుంబాలను బట్టి గణితం ఒక విలువను నింపుతుంది. ఒక్క విలువ నింపితే ఊహ నిజంలా కూర్చుంటుంది కాబట్టి, అమెరికన్ గణాంక శాస్త్రవేత్త డొనాల్డ్ రూబిన్ చూపిన పద్ధతిలో ఐదు వేర్వేరు విలువలు నింపి ఐదు పట్టికలు చేస్తారు. పరిశోధకుడు లెక్కను ఐదుసార్లు కట్టి, ఐదింటి మధ్య తేడాను కూడా ఫలితంలో చూపాలి. ప్రతి విలువకూ ఒక గుర్తు జతచేసి ఉంటుంది: ఇది ఇంటివాళ్లు చెప్పిందా, హద్దుల్లోంచి తీసిందా, గణితం నింపిందా అని. ఆ పెద్దాయన ఇంటి ధర పక్కన పడేది రెండో గుర్తు.