చెరువుగట్టు చెలిమి



ఆప్తులకు దుఃఖము కలిగినప్పుడు మనము పరామర్శకు పోవుదుము. కర్మలు ముగియువఱకు ఆ యింట బంధువులు నిండియుందురు. అందఱును వెడలిపోయిన మఱునాటినుండి ఆ యిల్లు ఎట్లుండునో మనలో నెందఱు విచారింతుము? నేను తప్పు చేసి నేర్చుకొన్న సంగతినే యిచ్చట మీకు విన్నవించుచున్నాను.

మాది సికిందరాబాదు ప్రక్కనున్న మల్కాజ్‌గిరి. మా వెనుకవీథిలో నొక యిల్లాలు కలదు. చుట్టఱికము లేకున్నను ఒకరినొకరము వదినా యని పిలుచుకొందుము. మా కిరువురకు ఎన్నియో యేండ్లుగా నొక నియమముండెను. వేకువనే లేచి సఫిల్‌గూడ చెరువు ప్రక్కనున్న పార్కులో రెండు చుట్లు తిరుగుదుము. రైలు కూత వినబడగానే మరలుదుము. ఒకనాడు వారి యింట, మఱునాడు మా యింట కాఫీ త్రాగుదుము. కోడండ్రతోను కూతుండ్రతోను చెప్పుకొనలేని మాటలన్నియు ఆ గంటలోనే చెప్పుకొనెడివారము.

2021వ సంవత్సరపు వేసవిలో కరోనా వ్యాధివలన ఆమె భర్త మరణించెను. అప్పటి కట్టుబాట్లవలన పరామర్శకైనను పోలేకపోతిని. ఫోనులో నాలుగు మాటలాడితిని. కట్టుబాట్లు తొలగిన తరువాతను నేను పోలేదు. ఏమని ఓదార్చవలెనో తోచక, నేడు కాదు రేపని నెలలు గడపితిని. ఆమె గుమ్మము ముందునుండి పోవుటకు మనసొప్పక వేఱొక వీథి చుట్టి ఒంటరిగా నడకకు పోవుచుంటిని. ఆమెయే యొంటరితనమును కోరుచున్నదని నాకు నేను సమాధానము చెప్పుకొంటిని.

ఒకనాడు పాలు పోయు నామె, "ఆ యమ్మగారు పాలు తగ్గించినారు; కాఫీ మానివేసినారట" యని చెప్పెను. ఆ మాట నా గుండెలో గ్రుచ్చుకొన్నది. మఱునాటి వేకువను ఫ్లాస్కులో కాఫీ పోసికొని పోయి ఆమె తలుపు తట్టితిని. ఇరువురము మెట్లపై కూర్చుంటిమి. చాలసేపటికి ఆమె యిట్లనెను: "తెల్లవారుజామున నేనెదురైన నలుగురు నేమనుకొందురు వదినా? మీరును వీథి మార్చుకొంటిరి గదా!"

నేను పిఱికితనముచే తప్పించుకొని తిరుగుచుండగా, అపశకున మనుకొని తప్పుకొనుచున్నానని ఆమె తలంచినది. వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును జరిపించినది 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన. అది జరిగి నూటనలువది యేండ్లు గడచినను, చదువుకొన్న యొక స్త్రీ తన ముఖమును ఉదయమున నెవరికిని చూపరాదని లోపల కూర్చుండెను. ఆ శంకను నా నడవడియే బలపఱచినది.

"రేపు ఆఱు గంటలకు మీ వాకిట నుందును" అని మాత్రము చెప్పి వచ్చితిని. మఱునాడు వీథి మొగవఱకే పోయితిమి. కొన్నాళ్లకు రైలు స్టేషనువఱకు, మఱికొన్నాళ్లకు చెరువువఱకు చేరితిమి. కొన్ని దినము లామె రాననెడిది. ఆ దినములలో మెట్లపైననే కూర్చుండి కాఫీ త్రాగి వచ్చెడిదానను. మా అబ్బాయి ఉద్యోగమునకై పరాయి యూరికి బయలుదేరినపుడు, మా యింటి పెద్దలు గొణుగుచున్నను, ఆమెనే గుమ్మమున నెదురు రమ్మంటిని. ఆమె అడుగులు తడబడినవి. వాడామె కాళ్లకు మ్రొక్కి బండి యెక్కెను.

చెలిమి మనసునకే గాక ప్రాణమునకును అండయని శాస్త్రజ్ఞు లనుచున్నారు. 2010లో అమెరికా పండితులు 148 పరిశోధనలను, అనగా మూడు లక్షలకు మించిన జనుల వివరములను, కలిపి చూడగా, గట్టి స్నేహబాంధవ్యములు గలవారు బ్రదికియుండు అవకాశము తక్కినవారికంటె సుమారు 50 శాతము హెచ్చని తేలినది. జింబాబ్వే దేశమున డిక్సన్ చిబాండా యను వైద్యుడు 2006లో అవ్వలకు కొంత శిక్షణ యిచ్చి, ఆసుపత్రి యావరణలోని బల్లపై కూర్చుండి బాధితుల మాటలు వినునట్లు చేసెను. ఆ బల్లలవలన దిగులు తగ్గినట్లు 2016లో ప్రకటింపబడిన పరిశోధన నిరూపించినది. అవ్వలు చేసిన పనిలో ముఖ్యమైనది ఓపికతో వినుటయే గదా!

కావున సోదరీమణులకు నా మనవి యిది. "ఏమైన కావలసిన చెప్పుము" అనిన దుఃఖితురాలు ఏమియు నడుగదు. గంట చెప్పి వాకిట నిలువుడు. పూర్వపు నియమమును ఒక్కసారిగా నిలుపజూడక, పది యడుగులతో నారంభింపుడు. గతించినవారి పేరెత్తుటకు జంకకుడు; ఆ పేరు వినవలెననియే ఆమె చెవులు కాచియుండును. వారములతరబడి నిద్రాహారములు లేకున్నను, బ్రదుకు చాలునని యామె పలికినను, చెలిమి యొక్కటే చాలునని యూరకుండక వైద్యునొద్దకు తోడుకొని పొండు.

ఇప్పుడు మా మోకాళ్లు సహకరింపవు గనుక చెరువువద్ద ఒక చుట్టే తిరుగుచున్నాము. దారిపొడుగునను ఆమె భర్తగారి ముచ్చట్లు చెప్పును. కొన్నిటిని పదిసార్లు వినియుంటిని; పదునొకండవసారియు వినుచున్నాను. రేపటి కాఫీ మా యింట.