బెల్: ఓటర్లు తమ కౌన్సిల్‌ను దించేసిన ఊరు

ఎన్నికైన ప్రతినిధిని పదవీకాలం పూర్తి కాకముందే ఓటర్లే మళ్లీ ఓటు వేసి దించేయడాన్ని రీకాల్ అంటారు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఈ హక్కు 1911 నుంచి ఉంది. లాస్ ఏంజెలెస్ నగరమైతే అంతకు ముందే, 1903లోనే, తన చార్టర్‌లో, అంటే సొంత పాలనా నియమావళిలో, దీన్ని చేర్చుకుంది. 2003లో ఏకంగా గవర్నర్‌నే దించేసిన రీకాల్ గురించి ప్రపంచమంతా విన్నది. అయితే ఈ హక్కు అసలు బలం చిన్న ఊళ్లలోనే బాగా తెలుస్తుంది. అందుకు బెల్‌ను మించిన ఉదాహరణ దొరకడం కష్టం.

లాస్ ఏంజెలెస్‌కు ఆగ్నేయంగా ఉన్న ఈ శివారు పట్టణం విస్తీర్ణం ఏడు చదరపు కిలోమీటర్ల లోపే. 2010 జనగణన నాటికి జనాభా సుమారు 35 వేలు. వారిలో పదింట తొమ్మిది మంది లాటిన్ అమెరికా మూలాలవారు. లెబనాన్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలూ ఉన్నాయి. ఎక్కువమందివి కూలి బతుకులే. వలస వచ్చి పౌరసత్వం లేనివారు చాలామంది కాబట్టి జనంతో పోలిస్తే ఓటర్ల సంఖ్య తక్కువ. ఊరి వ్యవహారాలు చూసేది ఐదుగురు కౌన్సిలర్లు, వారు నియమించే సిటీ మేనేజర్. కౌన్సిలర్ పదవి పూర్తికాలపు ఉద్యోగం కాదు. నెలకు కొన్ని సమావేశాలుంటాయి, అంతే.

2005లో రాష్ట్ర ప్రభుత్వం సాధారణ చట్టం కింద నడిచే పట్టణాల్లో కౌన్సిలర్ల వేతనాలకు పరిమితి పెట్టింది. సొంత చార్టర్ ఉన్న ఊళ్లకు అది వర్తించదు. ఆ ఏడాది నవంబరులోనే బెల్ చార్టర్ కోసం ప్రత్యేక ఎన్నిక పెట్టింది. ఊరికి స్వేచ్ఛ పెరుగుతుందన్నారే తప్ప, జీతాల మాట బ్యాలెట్ మీద ఎక్కడా లేదు. ఓటు వేసినవారు 400 మంది కూడా లేరు. ఆ తర్వాత ఐదేళ్లలో జరిగినదానికంతటికీ తలుపు తెరిచింది ఈ ఎన్నికే.

1993లో ఏడాదికి 72 వేల డాలర్ల జీతంతో చేరిన సిటీ మేనేజర్ రాబర్ట్ రిజో 2010 నాటికి 7,87,637 డాలర్లు తీసుకుంటున్నాడు. అమెరికా అధ్యక్షుడి జీతం నాలుగు లక్షలు. పోలీసు అధిపతికి 4,57,000 డాలర్లు. ఐదుగురు కౌన్సిలర్లలో నలుగురికి తలా లక్షకు దగ్గరగా ముట్టేది. ఊళ్లో రకరకాల సంస్థల పేరుతో బోర్డులు పెట్టి, వాటి సమావేశాలకని ఆ డబ్బు రాసుకున్నారు. కొన్ని సమావేశాలు ఒకటి రెండు నిమిషాల్లోనే ముగిశాయి.

ఈ డబ్బంతా జనం జేబుల్లోంచే వచ్చింది. బెల్‌లో ఆస్తిపన్ను రేటు సంపన్నులుండే బెవర్లీ హిల్స్ కంటే ఎక్కువగా ఉండేది. లైసెన్సు లేని డ్రైవర్ల కార్లను పోలీసులు లాక్కెళ్లేవారు. విడిపించుకోవాలంటే 300 డాలర్లు, చుట్టుపక్కల ఊళ్లలోకన్నా దాదాపు మూడింతలు కట్టాలి. పత్రాలు లేని వలస కూలీలకు అప్పట్లో లైసెన్సు ఇచ్చేవారే కాదు. పనికి వెళ్లే దారిలో కారు పోతే ఆ కుటుంబానికి వారం సంపాదన పోయినట్టే.

జనం ఏమీ అడగలేదనుకోవడం అన్యాయం. 2008లో ఒక పౌరుడు జీతాల వివరాలు కావాలని నగర కార్యాలయంలో దరఖాస్తు పెట్టాడు. కౌన్సిలర్లకు నెలకు 673 డాలర్లు, మేనేజర్‌కు 15,478 డాలర్లు అని కాగితం ఇచ్చి పంపారు. అది తప్పుడు కాగితం. అడిగినవాడి చేతిలో అబద్ధం పెట్టిన ఆ పని, జీతాలకన్నా పెద్ద ద్రోహం.

2010 జూలైలో లాస్ ఏంజెలెస్ టైమ్స్ విలేకరులు పక్క ఊరు మేవుడ్ వ్యవహారాలు తవ్వుతూ బెల్ దగ్గరికి వచ్చి, అసలు లెక్కలు ప్రచురించారు. వారం గడిచేసరికి రిజో సహా ముగ్గురు ఉన్నతాధికారులు రాజీనామా చేశారు. కౌన్సిల్ సమావేశాలకు వందల మంది తరలివచ్చారు. కౌన్సిలర్లు తమ జీతం 90 శాతం తగ్గించుకుంటామన్నా ఎవరూ చల్లబడలేదు. అప్పుడే ‘బాస్తా’ అనే పౌర సంఘం పుట్టింది. స్పానిష్‌లో ఆ మాటకు ‘ఇక చాలు’ అని అర్థం. దాని వ్యవస్థాపకుల్లో లెబనాన్ మూలాలున్న అలీ సాలే ఒకడు.

రీకాల్ పెట్టాలంటే కోపం ఒక్కటే సరిపోదు. దించదలచిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా నోటీసు ఇవ్వాలి. కారణాన్ని 200 మాటల్లోపు రాయాలి, వారి జవాబుకూ అంతే చోటు. ఆపైన గడువులోగా ఊరి పరిమాణాన్ని బట్టి నమోదైన ఓటర్లలో పది నుంచి ముప్పై శాతం మంది సంతకాలు సేకరించాలి. ప్రతి సంతకాన్నీ ఓటర్ల జాబితాతో సరిపోలుస్తారు. జాబితాలో లేనివారి సంతకం లెక్కలోకి రాదు. ఓటర్లు కానివారే ఎక్కువగా ఉండే ఊళ్లో ఇది ఎంత శ్రమో ఊహించుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పట్టణాల్లో ఓటర్లకు ఇలాంటి హక్కు లేదు. చైర్‌పర్సన్‌పై అవిశ్వాసం పెట్టేది కౌన్సిలర్లే. ఛత్తీస్‌గఢ్‌లో మాత్రం 2008లో ముగ్గురు పట్టణ అధ్యక్షులను ఓటర్లు దించారు, అక్కడ కూడా ప్రక్రియ మొదలుపెట్టాల్సింది కౌన్సిలర్లే.

2010 సెప్టెంబరులో రిజో, కౌన్సిలర్లు సహా మొత్తం ఎనిమిది మంది అరెస్టయ్యారు. నిందితులైనా కౌన్సిలర్ల పదవులు వాటంతటవి పోలేదు. కోరం లేక కౌన్సిల్ పని నిలిచిపోయింది. ఒకరు రాజీనామా చేశారు. మేయర్ ఆస్కార్ హెర్నాండెజ్‌ను, మరో ఇద్దరిని 2011 మార్చి 8న ఓటర్లే దించారు. నూటికి తొంభైకి పైగా ఓట్లు దించేయమనే పడ్డాయి. అదే రోజు మిగిలిన స్థానాలకూ ఎన్నిక జరిగి ఐదుగురూ కొత్తవాళ్లే వచ్చారు. సాలే మేయరయ్యాడు.

కోర్టు పని ఆ తర్వాత మూడేళ్లు సాగింది. 2013లో ఐదుగురు మాజీ కౌన్సిలర్లు కొన్ని అభియోగాల్లో దోషులని తేలింది, ఒకరు నిర్దోషిగా బయటపడ్డారు. 2014 ఏప్రిల్‌లో రిజోకు 12 ఏళ్ల జైలు విధించి, 88 లక్షల డాలర్లు తిరిగి కట్టమన్నారు. అధికంగా వసూలు చేసిన ఆస్తిపన్నును యజమానులకు వెనక్కి ఇచ్చారు. బెల్ పుణ్యమా అని రాష్ట్ర కంట్రోలర్ కార్యాలయం కాలిఫోర్నియాలోని పట్టణాల ఉద్యోగులు, ప్రతినిధుల జీతాలన్నిటినీ ఎవరైనా చూసుకునేలా బయటపెట్టడం మొదలుపెట్టింది.