కోర్టులో దుబాసీ: రెండు భాషలు వస్తే చాలా?



ఒక భాషలో చెప్పిన మాటను ఇంకో భాషలో చెప్పే మనిషిని పూర్వం దుబాసీ అనేవారు. 'కాశీయాత్ర చరిత్ర' రాసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీంకోర్టులో ఈ ఉద్యోగమే చేశారు. ఇప్పుడు ఇంటర్‌ప్రెటర్ అంటున్నారు. మన హాస్టల్లో కూడా ఈ పని రోజూ నడుస్తనే ఉంటది. కొత్తగా చేరిన చిన్నపిల్లకి కడుపునొప్పి వస్తే, తెలుగు రాదు కదా, పెద్దక్క ఎవరో పోయి నర్సమ్మకి చెప్తది. అక్క తప్పు చెప్తే మందు మారుతుంది. కోర్టులో తప్పు చెప్తే మనిషి జైలుకు పోతాడు.

మన చట్టం ఏమంటున్నది? 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 314వ సెక్షన్ ఉన్నది. సాక్షి మాట్లాడే భాష ముద్దాయికి తెలియకపోతే, అతనికి తెలిసిన భాషలో కోర్టులోనే, అందరి ముందు చెప్పించవలెను. 317వ సెక్షన్ ప్రకారం దుబాసీ ఉన్నది ఉన్నట్టే చెప్పవలెను. 1973 నాటి పాత చట్టంలో కూడా ఇవి ఉన్నాయి. దుబాసీ చేత ముందు ప్రమాణం చేయిస్తారు. ప్రమాణం చేసి కావాలని తప్పు చెప్తే అది అబద్ధపు సాక్ష్యం కిందికి వస్తుంది, ఏడేళ్ళ దాకా జైలు పడవచ్చు.

ఇదంతా బాగానే ఉంది గాని, ఈ సెక్షన్లలో పరీక్ష అన్న మాటే లేదు. ఆ మనిషికి భాష ఎంత వచ్చో ఎట్లా తెలుస్తది? ప్రమాణం చేస్తే భయం వస్తది, భాష రాదు కదా.

మా పెద్దనాయన పోడు కేసులో కోర్టుకి పోయినప్పుడు, బయట నిలబడ్డ ఒకాయనని పిలిచి చెప్పించారంట. పెద్దనాయన కోయలో చాలాసేపు చెప్పాడు. ఆయన తెలుగులో రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాడు. ఆ రెండు ముక్కలు ఏమిటో పెద్దనాయనకి ఈ రోజుకీ తెలియదు.

అమెరికాలో ఇటువంటిదే జరిగింది. నెగ్రాన్ అనే కూలిమనిషి ఉండేవాడు, బంగాళాదుంపలు మూటలు కట్టే పని. అతనికి స్పానిష్ తప్ప ఇంగ్లీషు రాదు. 1967లో హత్యకేసు విచారణ జరిగితే సాక్షులు దాదాపు అందరూ ఇంగ్లీషులోనే చెప్పారు. దుబాసీ ఉన్నది, కాని విచారణ మధ్యలో విరామం ఇచ్చినప్పుడు కొంచెంసేపు క్లుప్తంగా చెప్పేది, అంతే. తన మీద ఎవరు ఏమన్నారో తెలియకుండానే అతనికి శిక్ష పడింది. 1970లో పై కోర్టు అది న్యాయం కాదని చెప్పింది. తరువాత 1978లో అక్కడ కోర్టు దుబాసీల చట్టం చేశారు. అక్కడి కేంద్ర కోర్టుల్లో పనిచేసేవాళ్ళకి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇవ్వాలన్నారు.

ఆ పరీక్ష మన పబ్లిక్ పరీక్ష కంటే కష్టం. మొదట రాత పరీక్ష, అందులో నూటికి 75 రావలెను. తరువాత నోటి పరీక్ష, దానికి 80. నోటి పరీక్షలో మూడు రకాల పని ఉంటుంది. కాగితం చూసి వెంటనే ఇంకో భాషలో చదవడం ఒకటి. సాక్షి చెప్పి ఆగినాక చెప్పడం రెండోది. మూడోదే అసలైనది: లాయరు ఆగకుండా మాట్లాడుతుంటే చెవితో వింటూ నోటితో చెప్తూ పోవాలి. ఒక భాగంలో వేగం నిమిషానికి 120 మాటలు! మీరు రేడియో వార్తలు వింటూ మీ భాషలో చెప్పి చూడండి. నేను మూడో వాక్యం దగ్గరే ఆగిపోయాను.

కొన్ని నియమాలు కూడా ఉన్నాయి. సాక్షి "నేను చూశాను" అంటే దుబాసీ కూడా "నేను చూశాను" అనాలి, "చూశాడంట" అనకూడదు. తిట్టితే తిట్టు కూడా చెప్పాలి. కలపకూడదు, తగ్గించకూడదు, సలహా ఇవ్వకూడదు.

అక్కడ నవాహో అనే ఆదివాసులు ఉన్నారు. రెండో ప్రపంచయుద్ధంలో శత్రువులకి అర్థం కాకుండా వాళ్ళ భాషలోనే రహస్య వార్తలు పంపించారు. స్పానిష్‌తోపాటు వాళ్ళ భాషకి కూడా ఒకప్పుడు ఈ పరీక్ష పెట్టారు. ఇప్పుడు స్పానిష్‌కి మాత్రమే పెడుతున్నారు. మిగతా భాషలకి మనిషి సరిపోతాడా లేదా కోర్టే చూసుకుంటుంది. నవాహోలో 'దోషి' అనడానికి సరిగ్గా సరిపోయే ఒక్క మాట లేదంట, విడమరిచి చెప్పాల్సిందే. మాకూ అంతే, బెయిలుని మా ఊళ్ళో బెయిలే అంటారు.

2011 జనాభా లెక్కల ప్రకారం కోయ మాట్లాడేవాళ్ళు 4 లక్షల పైన, గోండి మాట్లాడేవాళ్ళు సుమారు 30 లక్షలు. ఇంతమందిలో కోర్టుకి పోయేవాళ్ళు ఉండరా? కోయ, తెలుగు రెండూ కొంచెం కొంచెం వచ్చినవాళ్ళు ఎక్కడ పొరబడతారో చూడండి. మా కోయలో 'ఏరు' అంటే నీళ్ళు. తెలుగులో ఏరు అంటే వాగు. "నేను ఏరు కోసం పోయినప్పుడు వాడిని చూశాను" అని సాక్షి కోయలో చెప్పిందనుకోండి. ఆమె పోయింది ఊరి మధ్యలో బోరింగు దగ్గరికి. దుబాసీ "వాగు దగ్గరికి పోయినప్పుడు" అన్నాడంటే, వాడు ఆ వేళ ఊళ్ళో ఉన్నాడా, వాగు దగ్గర ఉన్నాడా? కేసు మొత్తం అక్కడే ఉంటది.

ఇట్లా తెలుగులో ఒక అర్థం, మీ భాషలో ఇంకో అర్థం ఉన్న మాటలు తెలిస్తే, కింద తెల్లకాగితం అంటించాను, దాని మీద రాయండి.

9వ తరగతి విద్యార్థిని