మాత్ర వేసినా ఆగని కాళ్లు

నూజివీడు వైపు మామిడి కోతలకు వెళ్లొచ్చిన మనిషి రాత్రిపూట "కాళ్లు పీకుతున్నాయి" అంటే ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పొద్దస్తమానం చెట్ల కింద తిరిగి, చిన్నరసాలూ బంగినపల్లీ ఏరి, పెట్టెలు మోసిన కాళ్లు పీకక ఏం చేస్తాయి? పిల్లవాణ్ణి పిలిచి పిక్కలు తొక్కించుకుంటారు. పాతచీర పేలిక గట్టిగా బిగించి కట్టుకుంటారు. అలసటే అయితే తెల్లారేసరికి పోతుంది.

కొందరికి పోదు. వాళ్లకు అసలు పడుకుంటేనే మొదలవుతుంది. పిక్కల లోపల ఏవో పాకుతున్నట్టు, నరం పట్టి లాగుతున్నట్టు ఉంటుంది. కాలు కదపకుండా ఉండలేరు. లేచి నాలుగడుగులు వేస్తే హాయిగా ఉంటుంది, మళ్లీ మంచమెక్కితే మొదటికొస్తుంది. పగలంతా తోటలో నడిచినప్పుడు లేని బాధ, రాత్రి బస్సులో విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్లేటప్పుడు నరకం చూపిస్తుంది. ఈ జబ్బును పట్టించేది స్కానింగు కాదు, ఈ వరసే: విశ్రాంతిలో రావడం, కదిలితే తగ్గడం, పొద్దుగూకాక పెరగడం, కదిలించి తీరాలన్న ఆరాటం. దీని పేరు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్.

కొత్త జబ్బేమీ కాదు. 1672లోనే థామస్ విల్లిస్ అనే ఇంగ్లిష్ వైద్యుడు దీని గురించి రాశాడు. స్వీడన్‌కు చెందిన ఎక్‌బామ్ 1945లో ఈ పేరు పెట్టాడు. బెంగళూరులో జరిపిన ఒక సర్వేలో నూటికి ఇద్దరిలో ఇది కనిపించింది.

పార్కిన్సన్ జబ్బుకు వాడే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ మాత్రలను చాలాకాలం దీనికి మొదటి మందుగా రాశారు. తక్కువ మోతాదుతోనే, చాలామందికి తొలిరాత్రుల్లోనే గుణం కనిపిస్తుంది. ఏళ్ల తరబడి కంటికి కునుకు లేనివాళ్లు డాక్టరుకు చేతులెత్తి మొక్కుతారు. చిక్కంతా ఆ తర్వాతే. రాత్రి పదింటికి వచ్చే బాధ కొన్నాళ్లకు సాయంత్రం ఐదింటికే వస్తుంది. కాళ్లలో ఉన్నది చేతులకూ పాకుతుంది. కూర్చున్న నిమిషాల్లోనే మొదలవుతుంది. జబ్బు ముదిరిందనుకుని మోతాదు పెంచుతారు, కొద్దిరోజులు తగ్గి మళ్లీ అంతకు అంతవుతుంది. నిజానికి ఆ మాత్రే జబ్బును ఎగదోస్తోంది. వైద్యులు దీన్ని ఆగ్మెంటేషన్ అంటారు. ఇదే గుణమున్న పాత మందు లెవోడోపా వాడేవారిలో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు రిచర్డ్ అలెన్, క్రిస్టఫర్ ఎర్లీ 1996లోనే దీన్ని బయటపెట్టారు. కొందరిలో ఈ మాత్రలు పేకాట పిచ్చినీ, చేతికందినదల్లా కొనే పిచ్చినీ రేపుతాయి. ఇంట్లోవాళ్లు మనిషిని తిట్టిపోస్తారే గానీ మాత్రను అనుమానించరు.

అమెరికా నిద్రవైద్య అకాడమీ 2025లో వెలువరించిన మార్గదర్శకాల్లో, ఈ మాత్రలను మామూలు చికిత్సగా వాడవద్దని సూచించింది. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ మందులకూ, ఇనుము భర్తీకీ ముందు వరస ఇచ్చింది. పాత మాత్రను మాత్రం ఎవరూ సొంతంగా ఒక్కసారిగా మానెయ్యకూడదు. కొన్ని రాత్రులు భరించలేనంత తిరగబడుతుంది. డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా తగ్గించుకోవాలి. కొత్త మందులతో తల తిరగడం, మగత రావచ్చు. పెద్దవాళ్లు రాత్రి లేచినప్పుడు పడిపోకుండా చూసుకోవాలి.

మన దగ్గర అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇనుము గురించి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇనుముకూ ఈ జబ్బుకూ బంధం గట్టిది. మెదడులో ఇనుము తగ్గితే డోపమైన్ అనే రసాయనపు వ్యవస్థ గాడి తప్పుతుంది. సెలైన్‌లా నరానికి ఇనుము ఎక్కించి ఈ రోగుల బాధ తగ్గించిన సంగతి 1953లోనే స్వీడన్ వైద్యుడు నార్డ్‌లాండర్ రాశాడు. అంత పాత మాట ఇప్పటికీ మన ఊళ్లకు చేరకపోవడం బాధాకరం.

ఇక్కడో మెలిక ఉంది. హిమోగ్లోబిన్ 12 ఉన్నా శరీరంలో ఇనుము నిల్వ అడుగంటి ఉండవచ్చు. ఆ నిల్వ చెప్పే పరీక్ష ఫెర్రిటిన్. ల్యాబు కాగితం మీద 30 వచ్చినా నార్మల్ అనే ఉంటుంది, ఈ కాళ్లకు అది చాలదు. 75 కంటే తక్కువైతే ఇనుము ఇవ్వాలన్నది నిపుణుల మాట. ఇనుము మాత్రను టీ, కాఫీలతో వేసుకుంటే ఒంటికి పట్టదు, పుల్లటి పండ్ల రసంతో పడుతుంది. తోటకూరలో పచ్చిమామిడికాయ వేసి వండే మన అలవాటులో ఈ తెలివే దాగుంది. ఫలితానికి రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. మాత్ర పడనివారికి ఆసుపత్రిలో నరం ద్వారా ఎక్కిస్తారు.

తర్వాత వెతకాల్సింది మందుల సంచిలో. జలుబుకు వేసుకునే మగత మాత్రలు, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, గ్యాస్ మాత్రలో కలిపి వచ్చే లెవోసల్పిరైడ్, డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు ఈ బాధను రెచ్చగొడతాయి.

ఈ బాధ కిడ్నీ జబ్బువాళ్లనూ వదలదు. నూజివీడు నుంచి విస్సన్నపేట మీదుగా వెళ్తే ఎ.కొండూరు. అక్కడి తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్నో కుటుంబాలను కూల్చింది. డయాలసిస్ మీద ఉన్నవారిలో సుమారు నలుగురిలో ఒకరికి ఈ కాళ్ల బాధ ఉంటుంది. నాలుగు గంటలు కదలకుండా పడుకోవాల్సిన మనిషికి ఇంతకు మించిన శిక్ష లేదు. నర్సుకు చెప్పుకోరు, చెప్పినా జబ్బులో భాగమేనంటారు. చికిత్స ఉంది. ఇనుము లెక్క వేరు, గాబాపెంటిన్ మోతాదు బాగా తగ్గించాలి. కిడ్నీ మార్పిడి జరిగితే చాలామందికి తగ్గిపోతుంది.

ఇవేవీ పనిచేయని కొద్దిమందికి నిపుణులు తక్కువ మోతాదులో నల్లమందు జాతి మందులు ఇస్తారు, గట్టి నిఘాతో. కాలి నరానికి విద్యుత్ ప్రేరణ ఇచ్చే పట్టీకి 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది.

మీ ఇంట్లో రాత్రంతా వసారాలో పచార్లు చేసే మనిషి ఉంటే, ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వేసుకుంటున్న మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. బాధ ఏ గంటకు మొదలవుతోందో కాగితం మీద రాసుకోండి. మోతాదు పెంచే ముందు ఫెర్రిటిన్ పరీక్ష రాయమని అడగండి.